బీఏ చదివితే చేతికేమొస్తుంది?

డిగ్రీ ప్రవేశాల కాలం వస్తే కర్నూలులోనైనా, కడపలోనైనా, అనంతపురంలోనైనా ఇళ్లలో వినబడే వరుస ఒకటే. ర్యాంకు వస్తే ఇంజినీరింగు, రాకుంటే బీఎస్సీ కంప్యూటర్లు, అదీ కాకుంటే బీకాం, ఏదీ కుదరకపోతే బీఏ. "ఏం చదువుతాండావు?" అన్న మేనమామకు బీఏ అని చెబితే, "దాంతో ఏమొస్తాది?" అన్నది మరుక్షణంలో వచ్చే ప్రశ్న. మొరటుగా ఉన్నా అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. హాస్టలు ఖర్చు పెట్టి, మూడేళ్ల కూలో సంపాదనో వదులుకొని కాలేజీకి పంపిన ఇంటికి లెక్క అడిగే హక్కుంది. దానికి కాలేజీల కరపత్రాలు ఇచ్చే జవాబే నీళ్లగా ఉంటుంది. వ్యక్తిత్వ వికాసం, విమర్శనాత్మక ఆలోచన, నాయకత్వ లక్షణాలు. వీటిలో ఏదీ పొద్దున లేచి చేయగలిగిన పని కాదు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి, సాహిత్యం చదివిన విద్యార్థికి రావలసినవి కొన్ని పనులు. అవి నేర్పడానికి కావలసిన ముడిసరుకు ఈ మూడు పాత ఉమ్మడి జిల్లాల్లో కాలేజీ గేటు దాటితే చాలు, కాళ్లకు తగులుతుంది.

లిబరల్ ఆర్ట్స్ అన్న మాటకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. మధ్యయుగపు ఐరోపాలో వ్యాకరణం, తర్కం, వాగ్మిత అనే మూడు, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం అనే నాలుగు కలిపి ఏడు విద్యలను ఆ పేరుతో పిలిచేవారు. 2020 జాతీయ విద్యా విధానం దాన్ని మన 64 కళలతో ముడిపెట్టింది. పోలిక కొంచెం లాగినట్టే ఉంటుంది గానీ, వ్యాకరణ తర్కాలు మొదట, మిగతావి తర్వాత అన్న క్రమం మన పాత పాఠశాలల్లోనూ ఉన్నదే. సీమలో ఈ చదువుకు వయసు తక్కువేమీ కాదు. అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైంది. ఇంజినీరింగు కాలేజీలు అప్పటికి చాలా దూరం.

సాక్ష్యాన్ని నిలబెట్టి అడగడం

మొదటి పని, మిగతావాటికి తల్లిలాంటి పని, సాక్ష్యాన్ని పరీక్షించడం. ఎవరో ఒకటి చెప్పారు. ఎప్పుడు చెప్పారు, ఎవరికోసం చెప్పారు, చూసి చెప్పారా విని చెప్పారా, మధ్యలో ఎన్ని చేతులు మారింది? ఈ ప్రశ్నలు పుస్తకంలో చదివితే రావు. ఒక వస్తువు ముందు కూర్చుంటే వస్తాయి.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిని బయటి ప్రపంచానికి తెలియజేసింది చరిత్రకారుడు కాదు, అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త, 1929 ప్రాంతంలో. అక్కడి చిన్న శిలాశాసనంలో ఒక చిత్రముంది. బ్రాహ్మీ లిపి ఎడమ నుంచి కుడికి పోతుంది కదా, కానీ ఇందులో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి. ఎద్దులు చాలు చివర మళ్లి వెనక్కి దున్నుకుంటూ వచ్చినట్టు. అన్ని పంక్తులూ ఒకే వైపు చదువుతానని భీష్మించిన వాడికి అక్కడ అర్థం లేని అక్షరాల గుంపు కనబడుతుంది. అర్థం రానప్పుడు రాతను తప్పుపట్టే ముందు, తాను చదివే పద్ధతి మీద అనుమానపడాలని విద్యార్థికి చూపించడానికి ఇంతకన్నా మంచి బోధనోపకరణం ఏ కంపెనీ అమ్మదు.

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్ల శాసనం ఇంకో పాఠం. రేనాటి చోళుల కాలపు ఈ శాసనాన్ని మనకు దొరికినవాటిలో మొదటి పూర్తి తెలుగు శాసనంగా లెక్కిస్తారు. కాలం క్రీ.శ. 575 ప్రాంతం. అయితే ఆ అంకె రాతి మీద లేదు. అక్షరాల ఆకారాన్ని బట్టి, పేరున్న రాజు వంశక్రమాన్ని బట్టి పండితులు నిర్ణయించినది. "575లో వేయించిన శాసనం" అని రాసే విద్యార్థికీ, "లిపిని బట్టి 575 ప్రాంతానిదిగా భావించే శాసనం" అని రాసే విద్యార్థికీ ఉన్న తేడాయే ఈ చదువు తేడా. రెండోవాడికి ఏది రాతి మీద ఉందో, ఏది మనుషులు ఊహించిందో తెలుసు. రేపు వాడు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్నా, బ్యాంకులో రుణ దరఖాస్తు పరిశీలించినా ఇదే తేడా పనికొస్తుంది.

శాసనం చూడటానికి పిల్లల్ని తీసుకెళ్లేవారు గుర్తుంచుకోవలసిన సంగతులు రెండున్నాయి. మిట్టమధ్యాహ్నం పోతే అక్షరాలు కనబడవు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు గాడి లోపల నీడ పడదు. ఉదయం ఎనిమిదిలోపో, సాయంత్రం ఐదు తర్వాతో ఏటవాలు వెలుగులో చూడాలి. లోపలున్న రాయి అయితే టార్చిని రాతికి ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి పట్టాలి. రెండోది, అక్షరాలు తేలాలని సుద్దముక్కతో దిద్దడం, సున్నమో నూనెనో పూయడం చేయకూడదు. రాయి పాడవడం ఒక నష్టం. దిద్దినవాడు తనకు తోచిన అక్షరాన్ని దిద్దుతాడు, తర్వాత వచ్చినవాడు దాన్నే అసలు అక్షరమనుకుంటాడు. ఇది అంతకన్నా పెద్ద నష్టం. కాగితం పరిచి సిరాతో అచ్చు తీయడం పురావస్తు శాఖ అనుమతితో, తెలిసినవారు చేయవలసిన పని.

రాతి నుంచి తాటాకుకు వస్తే కడపే బడి. సి.పి. బ్రౌన్ 1820లో ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చాడు. తర్వాత ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. ప్రతుల్ని పోల్చడమంటే ఏమిటో సాహిత్య విద్యార్థికి ఒక గంటలో చూపించవచ్చు. ప్రతి రాసే రాయసగాడి తప్పులు ఎలా పడతాయి? ప, వ లాంటి దగ్గరి పోలికల అక్షరాల్లో తడబాటు. రెండు పంక్తులు ఒకే మాటతో ముగిస్తే కన్ను మొదటిదాని మీద నుంచి రెండోదాని మీదికి దూకి, మధ్య పంక్తి జారిపోవడం. తెలియని పాత మాట బదులు తెలిసిన కొత్త మాట పెట్టేయడం. మూడోదాన్ని పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే అర్థం హాయిగా కుదురుతుంది.

అక్కడ ఛందస్సు కాపలా కాస్తుంది. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు" అనే పాదం ఆటవెలది మొదటి పాదం. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. ఉప్పు, కప్పు, రంబు మూడు సూర్యగణాలు. నొక్కపో, లికనుండు రెండు ఇంద్రగణాలు. మొదటి గణం తొలి అక్షరానికి నాలుగో గణం తొలి అక్షరంతో యతి కుదరాలి: ఉకారానికి ఒకారం, సంధిలో నకారం చేరినా లోపలున్న అచ్చు అదే. ఇప్పుడు ఊహకు ఒక ప్రతిలో "ఉప్పు కప్పురంబు సమముగా నుండును" అని ఉందనుకుందాం. అర్థం చెడలేదు. గణాలూ సరిపోయాయి. కానీ ఉకారానికి సకారంతో యతి లేదు. దొంగ దొరికాడు. అర్థం, గణం, యతి అనే మూడు విడివిడి పరీక్షల్లో రెంటిలో నెగ్గినది మూడోదానిలో ఓడింది. ఒకే పరీక్షతో తృప్తిపడకూడదన్న అలవాటు ఇక్కడ పడితే, ఆడిటింగులోనూ వార్తా సంస్థలోనూ అదే అలవాటు జీతం తెస్తుంది. ఛందస్సును బట్టీపెట్టే మార్కుల పాఠంగా మార్చడం మన తెలుగు తరగతులు చేసిన పెద్ద పొరపాట్లలో ఒకటి.

ఊళ్ల చరిత్రలైన కైఫియత్తులు చదివేటప్పుడు మరో రకం జాగ్రత్త కావాలి. 1800లో నిజాం నుంచి ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు సేకరించారు. చెప్పినవారిలో కరణాలు, గుడి పూజారులు ఎక్కువ. కొత్త దొరతనం ఏ ఇనాము ఉంచుతుందో, ఏది తీసేస్తుందో తేలని రోజులవి. కనక గుడి ఎప్పటిది, మాన్యం ఎవరిచ్చారు అన్న చోట చెప్పేవాడికి లాభం ఉంది. వాన, చెరువు, పంట, కరువు అన్న చోట అంత లాభం లేదు. ఒకే కాగితంలో ఒక వాక్యాన్ని ఎక్కువ, ఇంకో వాక్యాన్ని తక్కువ నమ్మవలసి వస్తుంది. మొత్తం నమ్మడం, మొత్తం కొట్టిపారేయడం, రెండూ సోమరితనమే.

అందరూ ఉటంకించే, ఎవరూ చదవని కాగితం

సీమలో ఏ సభ జరిగినా శ్రీబాగ్ ఒడంబడిక పేరు వినబడుతుంది. 1937 నవంబర్ 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో, కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒప్పందం అది. రాజనీతి విద్యార్థికి ఇది రెండు తరగతుల పని. మొదటి తరగతిలో పూర్తి పాఠం చేతికిచ్చి నాలుగు రంగు పెన్సిళ్లతో గీతలు పెట్టించాలి. ఎవరు ఒప్పుకున్నారు, ఏది తప్పనిసరి అన్నారు, ఏది ఉంటే బాగుంటుంది అన్నారు, ఎంత కాలానికి అన్నారు. నీళ్ల విషయంలో తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల మీద సీమకు మొదటి ప్రాధాన్యం ఉండాలని, అది పదేళ్లకు లేదా పరిస్థితులను బట్టి ఇంకా ఎక్కువ కాలానికి అని ఉంటుంది. విశ్వవిద్యాలయానికి వాల్తేరు, అనంతపురం జంట కేంద్రాలన్నారు. రాజధాని, హైకోర్టు ఒకేచోట కాక వేర్వేరు చోట్ల ఉండొచ్చన్నారు, ఎంపికలో సీమకు ముందు అవకాశం అన్నారు.

రెండో తరగతిలో ఆ గీతల పక్కన తర్వాత జరిగినవి రాయించాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు. హైకోర్టు గుంటూరు. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో, ఒడంబడిక తర్వాత 44 ఏళ్లకు. ఇక్కడ విద్యార్థులకు రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, అది నాయకుల మధ్య మాట, శాసనసభ చేసిన చట్టం కాదు. కాబట్టి "ఉల్లంఘన" అన్న మాట కోర్టు అర్థంలో ఒకటి, నైతిక అర్థంలో ఇంకొకటి. రెండు, "పదేళ్లు" అన్న మాటను ఒక పక్షం, "లేదా ఇంకా ఎక్కువ కాలం" అన్న మాటను రెండో పక్షం పట్టుకుని వాదిస్తాయి. వాక్యం మాత్రం ఒకటే. ఈ అభ్యాసం చేసిన పిల్లలకు బీమా పాలసీ వెనక పేజీ, అద్దె అగ్రిమెంటు, ఉద్యోగపు ఆర్డరు చదవడం వస్తుంది. వేదిక మీద గొంతు పెంచడం రాదు, అది వేరే కోర్సు.

అంకెకు వెనక ఏముంది

బీఏకూ లెక్కలకూ పొసగదన్న నమ్మకం పిల్లల్లోనే కాదు, కొందరు అధ్యాపకుల్లోనూ ఉంది. అర్థశాస్త్రం చదివిన విద్యార్థి సగటును చూసి భయపడకూడదు, సగటును చూసి మోసపోనూ కూడదు. అనంతపురం ఏడాది వానను సుమారు 550 మిల్లీమీటర్లుగా చెబుతారు. ఊహకు ఒక మండలంలో అయిదేళ్ల వాన 380, 410, 430, 460, 1,070 అనుకుందాం. కూడితే 2,750. సగటు సరిగ్గా 550. కాగితం మీద ఆ మండలం మామూలుగా ఉంది. నిజానికి అయిదేళ్లలో నాలుగేళ్లు 550 దరిదాపుల్లోకి కూడా రాలేదు. మధ్యగతం, అంటే వరుసలో పెడితే నడిమి అంకె, తీస్తే 430 వస్తుంది, రైతు చెప్పే మాటకు అదే దగ్గర.

అక్కడితో ఆగకూడదు. ఏడాది మొత్తం కూడా సగం అబద్ధమే. వేరుశనగ ఇంచుమించు 105 నుంచి 120 రోజుల పంట. జులైలో వేస్తే ఊడలు దిగి కాయ ఊరే కాలం ఆగస్టు చివర, సెప్టెంబరు. ఆ రోజుల్లో మూడు వారాలు చినుకు లేకపోయి, అక్టోబరులో రెండు రోజుల్లో కుంభవృష్టి పడితే ఏడాది మొత్తం పెరుగుతుంది, కాయ మాత్రం లొట్టపోతుంది. కాబట్టి విద్యార్థి తీయవలసిన అంకెలు మూడు: ఎన్ని వాన రోజులు, రెండు వానల మధ్య అతి పొడవైన ఎడం ఎన్ని రోజులు, ఆ ఎడం పంట ఏ దశలో పడింది. వాన రోజంటే వాతావరణ శాఖ లెక్కలో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడిన రోజు. ఈ నిర్వచనం తెలియకుండా లెక్కపెడితే తుంపర రోజులన్నీ కలిసి మండలం పచ్చగా కనబడుతుంది. పని చేయడానికి ఒక ఎక్సెల్ షీటు, రోజువారీ వాన పట్టిక చాలు. కష్టమంతా ఏ ప్రశ్న అడగాలో తెలియడంలో ఉంది, అది కంప్యూటరు తరగతిలో చెప్పరు.

తాళం వేసిన ఇల్లు

డిగ్రీ మొదటి ఏడాది తర్వాత వేసవిలో చేయవలసిన 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు పుణ్యమా అని సర్వే ఇప్పుడు ప్రతి విద్యార్థికీ తగులుతోంది. చాలాచోట్ల అది జిరాక్సు షాపులో పూర్తవుతుంది. పోయిన ఏడాది నివేదిక మీద ఊరి పేరు మార్చి, అట్ట వేసి ఇస్తారు. నిజంగా చేస్తే మాత్రం బీఏ మొత్తంలో ఇంత నేర్పే పని లేదు, కాబట్టి దీన్ని కొంచెం విడమర్చాలి.

వలస మీద సర్వే, ఊళ్లో 310 ఇళ్లున్నాయనుకుందాం. అన్నీ తిరగలేరు, 60 చాలు. ముందు ఊరంతా నడిచి, ఎస్సీ కాలనీ, ఊరి చివరి కొట్టాలు, చేలల్లోని ఇళ్లు సహా, వరుస నంబర్లతో జాబితా రాసుకోవాలి. 310ని 60తో భాగిస్తే అయిదు పైచిలుకు, అంటే ప్రతి అయిదో ఇల్లు. ఒకటి నుంచి అయిదు దాకా చీటీలు వేసి ఒకటి తీయాలి. మూడు వస్తే 3, 8, 13, 18 అలా 308 దాకా, మొత్తం 62 ఇళ్లు. ఈ పద్ధతి పాటించకపోతే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. పిల్లలు రోడ్డు పక్కన, నీడ ఉన్న, మజ్జిగ ఇచ్చే ఇళ్లకే పోతారు. నివేదికలో ఊరు బాగుపడిపోతుంది. వేళ కూడా చూడాలి. పగలు పదకొండుకు పోతే ఇంట్లో దొరికేది ముసలివాళ్లే. పొద్దున ఏడులోపు, సాయంత్రం ఆరు తర్వాత అయితే పనికిపోయేవాళ్లు ఉంటారు. ఒక ఫారానికి 25 నిమిషాలు పడుతుంది, అయిదుగురు జట్టుగా పోతే రెండు రోజుల పని.

అసలు చిక్కు తాళం వేసిన ఇంటి దగ్గర వస్తుంది. 62 ఇళ్లలో 14 తాళాలున్నాయి. పిల్లలు చేసేది, ఆ ఇంటి బదులు పక్కింటివాళ్ల వివరాలు రాసుకుని లెక్క నింపడం. వలస మీద సర్వే చేస్తూ తాళం వేసిన ఇంటిని వదిలేస్తే, వెతుకుతున్నవాణ్నే గడప దగ్గర వదిలేసినట్టు. అంకెల్లో చూస్తే ఇది ఎంత తేడానో తెలుస్తుంది. తెరిచి ఉన్న 48 ఇళ్లలో ఆరింటి నుంచి వలస ఉంటే 12.5 శాతం. తాళం వేసిన 14 ఇళ్లూ పనికే పోయాయని తేలితే 62కు 20, అంటే 32 శాతం. కాబట్టి తాళం ఉన్న ఇంటికి వేర్వేరు వేళల్లో మరో రెండుసార్లు పోవాలి. అప్పటికీ తెరవకపోతే పొరుగువాళ్లను అడిగి ఎక్కడికి, ఎన్నాళ్లు అని విడిగా రాయాలి, ఆ ఇంటి బదులు ఇంకో ఇంటిని పెట్టకూడదు.

ప్రశ్న భాష ఇంకో గుంట. కర్నూలు పడమటి పల్లెల్లో, ఆదోని, కోసిగి వైపు, "మీ ఇంట్లో వలస పోయినారా?" అంటే లేదనే జవాబు వస్తుంది. వాళ్ల నోట ఆ మాట సుగ్గి. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోతే సుగ్గికి పోయినట్టే తప్ప వలస పోయినట్టు కాదు. బెంగళూరుకు పోయిన కదిరి కుర్రాడు "పనికి పోయినాడు" అంతే. అందుకే పేరు అడగకుండా సంగతి అడగాలి: "పోయిన దీపావళి నుంచి ఉగాది దాకా ఈ ఇంట్లో నెల రోజులకు మించి ఊళ్లో లేనోళ్లు ఎవరు?" పండగలు పెట్టి అడిగితే మనిషికి కాలం గుర్తొస్తుంది, తేదీలు పెడితే రాదు. ఆదాయం కూడా అంతే. నెలకు ఎంత అని రైతును అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతాడు, రేషను కార్డు పోతుందన్న భయంతో తగ్గించీ చెబుతాడు. ఎన్ని ఎకరాలు, ఎన్ని మూటలు, మూటకు ఎన్ని కిలోలు, ఏ ధరకు అమ్మినారు, విత్తనానికీ మందులకూ ఎంత అయింది అని విడివిడిగా అడిగి లెక్క మనం కట్టుకోవాలి.

పంచావయవాలు

వాదన నేర్పడానికి పడమటి పుస్తకాలే అక్కర్లేదు. మన పాత తర్కమైన న్యాయదర్శనం పంచావయవాలని ఇచ్చిన అయిదు మెట్లు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుందనడానికి పొగను చూపించిన పాత దృష్టాంతం పక్కనపెట్టి, రచ్చబండ మీద వినబడే మాటనే తీసుకుందాం. "ఈ ఊరి బోర్లు ఎండిపోవడానికి చీనీ తోటలే కారణం." ఇది ప్రతిజ్ఞ. చీనీకి, అంటే బత్తాయికి, ఏడాది పొడవునా నీళ్లు తోడాలి కాబట్టి, ఇది హేతువు. ఎక్కడ ఏడాదంతా తోడారో అక్కడ మట్టం దిగింది, పక్క ఊరిలో లాగా, ఇది ఉదాహరణ. ఈ ఊళ్లోనూ అలాగే తోడుతున్నారు, ఉపనయం. కనక ఇక్కడా అదే కారణం, నిగమనం.

చూడటానికి గట్టిగా ఉంది. ఇప్పుడు హేత్వాభాసాల, అంటే హేతువుల్లా కనబడే తప్పుల, వంతు. హంద్రీ–నీవా కాలువ నీళ్లతో చెరువు నిండే ఊళ్లో చీనీ ఉండి కూడా బోర్లు ఎండకపోతే, హేతువు ఉన్నచోట ఫలితం లేదు. దాన్ని సవ్యభిచారం అంటారు. అంటే హేతువును కుదించాలి: "పైనుంచి నీళ్లు చేరని చోట, ఏడాదంతా తోడితే" అని. అవే ఏళ్లలో వాన కూడా తగ్గిందని ఇంకొకడు ఎదురు హేతువు తెస్తే అది సత్ప్రతిపక్షం. అప్పుడు గొంతులు పెంచడం కాదు, ఒకే వాన పడి తోటల విస్తీర్ణం వేరుగా ఉన్న రెండు ఊళ్లను వెతికి పోల్చాలి. తర్కం అక్కడ ఆగి, పైన చెప్పిన వాన పట్టికకూ సర్వేకూ పని అప్పగిస్తుంది. సబ్జెక్టులు ఒకదానికొకటి అవసరమని చెప్పడానికి ఇంతకు మించిన ఉపన్యాసం అక్కర్లేదు. ఒకే సబ్జెక్టు ప్రధానంగా (మేజర్‌గా) ఉండే పద్ధతిలో హిస్టరీ వాళ్లకు ఎకనామిక్స్ పలచబడే ప్రమాదం ఉంది కాబట్టి, తోడు సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు అంకెలున్న సబ్జెక్టును పట్టుకోవడం తెలివి.

రాయడం, రెండు భాషల్లో

రాయడం వచ్చిందా లేదా అని చూడటానికి వ్యాసం పెట్టనక్కర్లేదు, ఒక అర్జీ రాయిస్తే చాలు. సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీల్లో చాలావరకు ఇలా మొదలవుతాయి: అయ్యా, మేము చాలా పేదవాళ్లము, తరతరాలుగా ఈ భూమినే నమ్ముకొని... రెండో పేజీ దాటాక గానీ విషయం బయటపడదు. అధికారికి ఒక కాగితం మీద రెండు నిమిషాలు కూడా ఉండవు. మంచి అర్జీ మొదటి వాక్యంలోనే ఏం కావాలో చెబుతుంది: ఫలానా తూము కింద పిల్లకాలువ పూడిక తీయించాలి. రెండో పేరాలో సర్వే నంబరు, ఖాతా నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ తేదీ నుంచి నీళ్లు అందలేదు. మూడోదానిలో ఇంతకుముందు ఎవరికి, ఎప్పుడు చెప్పుకున్నారు, రసీదు నంబరు. చివర జతపరిచిన కాగితాల జాబితా. అంతా ఒక పేజీ. బాధ ఎక్కడ రాయాలి? బాధ ఆ తేదీల్లోనే ఉంటుంది. 300 మాటల పాఠాన్ని వందకు కుదించే సంక్షిప్తీకరణ అభ్యాసం ఉన్నది ఇందుకే, దాన్ని అయిదు మార్కుల బిట్టుగా చూసినవాళ్లు నష్టపోతారు. అడంగల్, దస్తావేజు, ఇనాం, జమాబందీ లాంటి మాటలు ఎక్కడినుంచి వచ్చాయో, ఇప్పుడు ఏ అర్థంలో వాడుతున్నారో తెలిసినవాడు రెవెన్యూ కాగితం ముందు బిత్తరపోడు.

2021-22లో డిగ్రీకి ఇంగ్లిష్ మాధ్యమం తప్పనిసరి చేశాక ఒక కొత్త జబ్బు వచ్చింది. తెలుగులో చక్కగా వాదించే అమ్మాయి పరీక్షలో గైడులోని ఇంగ్లిష్ పేరా దించుతుంది. ఆలోచన ఒక భాషలో, రాత ఇంకో భాషలో, మధ్య వంతెన లేదు. మందు పెద్దదేమీ కాదు. జవాబును ముందు తెలుగులో అయిదు వాక్యాలుగా, పైన చెప్పిన మెట్ల వరసలో రాయించాలి. తర్వాత ఒక్కో వాక్యాన్నీ చిన్న ఇంగ్లిష్ వాక్యంగా మార్చాలి, పన్నెండు మాటలు మించకుండా. వారానికి రెండు చొప్పున ఒక సెమిస్టరు చేస్తే ముప్పై జవాబులవుతాయి. మొదటి పదీ ఘోరంగా ఉంటాయి, అక్కడ ఎర్రసిరా తగ్గించి ఓపికపట్టాలి. ఉర్దూ వచ్చిన కర్నూలు పిల్లలకు, కన్నడం వచ్చిన ఆదోని, మడకశిర పిల్లలకు ఇంట్లోనే మరో భాష ఉంది. అనువాదానికి, కోర్టు పనికి, సబ్‌టైటిళ్లకు గిరాకీ ఉన్న ఆ ఆస్తిని బయోడేటాలో చాలామంది రాసుకోరు.

ఇక ఉద్యోగాలు. గ్రూప్-2 మెయిన్స్‌లో ఉన్న రెండు పేపర్లలో సగం పైగా చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికం, అవి బీఏ పాఠాలే. లా, బీఈడీ, జర్నలిజం, స్వచ్ఛంద సంస్థల క్షేత్ర సర్వేలు అందరికీ తెలిసిన దారులు. ఏ దారిలోనైనా ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు పనుల ఫైలు ఒకటి పట్టుకుపోతే మాట మారుతుంది. అందులో ఉండదగినవి: గీతలు పెట్టిన ఒక ఒప్పందం, దానిపై రెండు పేజీల నోటు. ఒక మండలం వాన పట్టిక, సగటుకూ మధ్యగతానికీ తేడా చూపించే గ్రాఫుతో. పనిచేసిన ఒక అర్జీ, దానికి వచ్చిన జవాబు కాగితం. ఒక సర్వే, ప్రశ్నాపత్రం, ఎంపిక చేసిన ఇళ్ల జాబితా, తాళం ఉన్న ఇళ్ల పట్టీ సహా.

సర్వే ఫారాలను మాత్రం విద్యార్థి తనతో తీసుకుపోకూడదు, అవి ఊరివాళ్ల ఇంటి సంగతులు. పేర్లు కొట్టేసి, ఇంటి వరుస నంబరు ఉంచి, కాలేజీ విభాగంలో కట్టకట్టి బీరువాలో పెట్టాలి. మూడేళ్ల తర్వాత ఇంకో జట్టు అదే ఊళ్లో అవే నంబర్ల ఇళ్లకు పోతే, ఏ తాళం తెరుచుకుంది, ఏ ఇల్లు కూలింది అని పోల్చడానికి వీలవుతుంది. ఇప్పుడు చాలాచోట్ల మార్కులు వేసిన నెలకే ఆ కట్టలు పాతకాగితాల బండికి పోతున్నాయి.